తప్పు ఏ వైపుందో ముందు తేల్చుకో

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరే మామయ్యా" అంటావు. అందుకే రాస్తున్నాను. కాగితం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చెయ్యి.

క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ ప్రోగ్రాం, అదే ఒకే ఫైలుని చాలామంది కంప్యూటర్ల నుంచి ముక్కలుముక్కలుగా దింపేది, పని చెయ్యట్లేదని మూడుసార్లు తీసేసి మళ్ళీ ఎక్కించానన్నావు. ముందు ఆ పని ఆపు. మామూలుగా తీసేస్తే పాత సెట్టింగులు కంప్యూటర్లోనే ఉండిపోతాయి, మళ్ళీ ఎక్కించగానే అవే వచ్చి కూర్చుంటాయి. పైగా మూడోసారి ఎక్కడినుంచి దింపావో నీకే గుర్తు లేదు. అసలైన ప్రోగ్రాం ఉచితం, అందులో ప్రకటనలు ఉండవు. నీ తెరమీద ప్రకటనలు కనిపిస్తుంటే నువ్వు దింపింది అది కాదు. దాన్ని తీసేసి, యాంటీవైరస్‌తో ఒకసారి అంతా వెతికించి, సొంత సైటు నుంచే తెచ్చుకో.

నేను టెలిఫోన్స్‌లో లైన్‌మన్‌గా ఉన్నప్పుడు, ఫోన్ డెడ్ అని కంప్లయింట్ వస్తే తిన్నగా ఇంట్లోకి వెళ్ళి ఫోన్ విప్పేవాళ్ళం కాదు. స్తంభం మీది డీపీ పెట్టెకి, అంటే ఇళ్ళకి లైన్లు విడిపోయే చోట, టెస్ట్ ఫోన్ తగిలించేవాళ్ళం. అక్కడ టోన్ వినిపిస్తే తప్పు ఇంటి వైపు, వినిపించకపోతే ఎక్స్ఛేంజి వైపు. కొత్తగా చేరినవాళ్ళే ఇంట్లో వైరంతా పీకి కూర్చునేవాళ్ళు. నువ్వు చేస్తున్నది అదే.

నీకూ ఒక టెస్ట్ ఫోన్ ఉంది. ఉబుంటు అని విండోస్ లాంటిదే ఉచితంగా ఇస్తారు, వాళ్ళ సైటులో వాళ్ళే ఇచ్చే టొరెంట్ ఒకటి తెచ్చి పెట్టు. దానికి ఎప్పుడూ బోలెడంతమంది సీడర్లు, అంటే పూర్తి ఫైలు పెట్టుకుని పంచేవాళ్ళు, ఉంటారు. ఐదారు జీబీ ఉంటుంది, మొత్తం దింపక్కర్లేదు, రెండు మూడు నిమిషాలు నడిపి చూసి తీసెయ్. అది పరిగెత్తిందంటే నీ కంప్యూటర్, రౌటర్, లైను అన్నీ బాగున్నట్టే. తప్పు నువ్వు దింపాలనుకుంటున్న ఫైలుది. అదీ కదలకపోతే ఇంటి వైపు చూడాలి.

ఉబుంటు నడిచి, నీ పాత తెలుగు పుస్తకాల స్కాన్లు మాత్రం ఆగిపోయాయనుకో. అవి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీవి అయితే, ఆ టొరెంట్లకి మనుషులెవరూ సీడ్ చెయ్యకపోయినా ఆర్కైవ్ సర్వర్లే ముక్కలు ఇస్తాయి. కింద "హెచ్‌టీటీపీ సోర్సెస్" అనే ట్యాబు నొక్కితే ఆ చిరునామాలు కనిపిస్తాయి. అవి ఉన్నా తొంభైతొమ్మిది శాతం దగ్గర ఆగిందంటే నాకు ఒకటే అనుమానం. ఆ టొరెంట్ ఫైలు, అంటే ముక్కల లెక్క ఉండే చిన్న ఫైలు, నువ్వు కిందటేడు దింపి దాచుకున్నది. ఆ తర్వాత ఆర్కైవ్‌లో ఆ పుస్తకం ఫైళ్ళు మారి ఉంటాయి. పాత లెక్కకి కొత్త ముక్కలు సరిపోవు కాబట్టి వచ్చినవాటిని వచ్చినట్టే పారేస్తుంటుంది. కొత్త టొరెంట్ ఫైలు తెచ్చి, అదే ఫోల్డరు చూపించు. ఉన్నదాన్ని సరిచూసుకుని మిగిలిందే దింపుతుంది. వేరే చోటి టొరెంట్ అయితే "అవైలబిలిటీ" అంకె చూడు. అది ఒకటి కంటే తక్కువ ఉంటే పూర్తి కాపీ ప్రస్తుతం ఎవరి దగ్గరా లేదన్నమాట. నువ్వెన్ని మీటలు నొక్కినా రాదు.

ఇక ఇంటి వైపు. కింది వరసలో కనెక్షన్ గుర్తు ఏ రంగులో ఉందో చూడు. ఎర్రగా ఉంటే అసలు నెట్‌కే చేరలేదు. పసుపుగా ఉంటే, మొదటిసారి తెరిచినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ "అనుమతించమంటావా" అని అడిగి ఉంటుంది, నువ్వు చూడకుండా క్యాన్సిల్ కొట్టి ఉంటావు. మీ అమ్మ పోలిక. ఫైర్‌వాల్ అనుమతుల్లోకి వెళ్ళి దానికి టిక్కు పెట్టు. ఆకుపచ్చ అయితే బయటివాళ్ళు కూడా నిన్ను వెతుక్కుంటూ రాగలుగుతున్నట్టు. టిక్కు పెట్టాక కూడా పసుపే ఉంటే టెన్షన్ పడకు. నువ్వు వెళ్ళి తలుపు కొట్టగలవు, నీ తలుపు ఎవరూ కొట్టలేరు, అంతే. డౌన్‌లోడ్ అవుతుంది, కాస్త నెమ్మది.

ఈ పసుపుని ఆకుపచ్చ చెయ్యడానికి నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను, అంటే బయటివాళ్ళు లోపలికి రావడానికి ఒక తలుపు తెరిచాను, నంబర్లు మార్చాను, రౌటర్ని రెండుసార్లు రీసెట్ చేశాను, మీ అత్తయ్యతో తిట్లు తిన్నాను. సాయంత్రానికి రౌటర్ పేజీలో వ్యాన్ అడ్రస్, అంటే కంపెనీవాళ్ళు మన రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే అడ్రసులు కంపెనీవాళ్ళు ఒక్క పబ్లిక్ అడ్రసుని చాలా ఇళ్ళకి పంచడానికి లోపల వాడుకునేవి. అలాంటి లైన్లో మన రౌటర్లో ఎన్ని తలుపులు తెరిచినా వీధి గేటుకి తాళం వాళ్ళే వేసుకుంటారు. విడిగా పబ్లిక్ అడ్రస్ కావాలంటే నెలనెలా అదనంగా కట్టమన్నారు. కట్టలేదు, ఇప్పటికీ నాది పసుపే. నువ్వు ముందు ఆ అడ్రస్ చూసుకుని, ఆ తర్వాతే పోర్టుల జోలికి వెళ్ళు.

టొరెంట్ పెట్టగానే మీ అమ్మ వీడియో కాల్ ఆగిపోతోందన్నావే, దానికి కారణం డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. నువ్వు దింపుకుంటూనే ఉన్న ముక్కలు ఇతరులకి పంపుతుంటావు. ఆ దారి నిండిపోతే "అందింది" అని మన వైపు నుంచి వెళ్ళాల్సిన కబురు కూడా ఇరుక్కుంటుంది, దాంతో వచ్చేదీ ఆగుతుంది. అప్‌లోడ్ వేగం కొలిచి, అందులో ఐదో వంతు వదిలిపెట్టు. ఇరవై ఎంబీపీఎస్ ఉందనుకో, అది మెగాబిట్ల లెక్క, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే సెకనుకి రెండున్నర ఎంబీ. ప్రోగ్రాంలో అప్‌లోడ్ పరిమితి రెండు వేలు పెట్టు, అక్కడ లెక్క కేబీల్లో ఉంటుంది. సున్నా మాత్రం పెట్టకు. సున్నా అంటే అసలు పంపవద్దని కాదు, ఎంతైనా పంపమని! మరీ పిసినారిగా పది, ఇరవై పెట్టినా నష్టమే. ఇచ్చేవాడికే ఎదుటివాళ్ళూ ఇస్తారు. ఆ ఎనిమిది లెక్క తెలియకే నలభై ఎంబీపీఎస్ లైన్లో ఐదు ఎంబీలే వస్తోందని నువ్వు కంపెనీవాడితో గొడవ పడ్డావు. ఐదే రావాలి నాయనా.

కాసేపు నడిచాక వైఫై మొత్తం చచ్చిపోతే, అది రౌటర్ మోయలేకపోవడం. గరిష్ఠ కనెక్షన్లు మామూలుగా ఐదొందలుంటాయి, నూట యాభైకి తగ్గించు. వీలైతే లాన్ వైరు వాడు.

డిస్కు సంగతి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే నాలుగు జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, ఎర్రర్ చూపించి ఆగుతుంది. అందులోవి కాపీ చేసుకుని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చెయ్యి. "మిస్సింగ్ ఫైల్స్" అని వస్తే కంగారుపడి మొదటినుంచీ దింపకు. బయటి డిస్కుకి E అనే అక్షరం పోయి F వచ్చిందేమో చూసి, సరైన చోటు చూపించు. కరెంటు పోయి వచ్చాక ఒకసారి "ఫోర్స్ రీచెక్" కొట్టు, ఉన్న ముక్కల్ని మళ్ళీ సరిచూసుకుంటుంది. అన్నట్టు, మీ సత్యనారాయణపురంలో కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం వెనక్కి వెళ్తోందన్నావు. తేదీ తప్పుంటే కొన్ని ట్రాకర్లు, అంటే ఎవరి దగ్గర ఏ ఫైలుందో చెప్పే సర్వర్లు, సర్టిఫికెట్ చెల్లదని తలుపు తియ్యవు. లోపల సీఆర్2032 సెల్లు అయిపోయి ఉంటుంది, చిన్న బిళ్ళ, మార్పించు.

కొత్త సినిమాల జోలికి మాత్రం వెళ్ళకు. నువ్వు దింపుతున్నప్పుడే పంచుతుంటావు, నీ ఐపీ అడ్రస్ అందులో ఉన్న అందరికీ కనిపిస్తుంది. సినిమా పేరుతో వచ్చి చివర డాట్ ఈఎక్స్‌ఈ ఉన్నదాన్ని తెరిచి మా పక్కింటి కుర్రాడు డిగ్రీ ప్రాజెక్టంతా పోగొట్టుకున్నాడు.

ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే నాకు మూడు విషయాలు చెప్పు: ఉబుంటు ఎంత వేగంతో వచ్చింది, గుర్తు ఏ రంగు, వ్యాన్ అడ్రస్ దేనితో మొదలైంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్ చెయ్యి. కిందటిసారిలాగా బెంజ్ సర్కిల్ దగ్గర బస్సులోంచి చెయ్యకు.

మీ మామయ్య