గ్యాలరీ నిండాలంటే: ఫుట్‌బాల్ లీగులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. మూడేళ్ళు తిరిగేసరికి జట్టే ఢిల్లీకి వెళ్ళిపోయింది. కప్పు కొట్టిన జట్టుకు కూడా గచ్చిబౌలి స్టేడియం ఎందుకు నిండలేదు? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ కప్పు ఎక్కడ గెలిచారో గుర్తు చేసుకోండి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, ఆపైన పెనాల్టీల్లో 3-1. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. జట్టు కప్పు ఎత్తిన ఏడాది హైదరాబాద్‌లో ఒక్క హోమ్ మ్యాచ్ కూడా లేదు.

క్లబ్బు పుట్టింది 2019లో. మొదటి సీజన్‌లో అట్టడుగు స్థానం. పోనీ రెండో ఏడు బాగుపడుతుందిలే అనుకున్న అభిమానికి తలుపులు మూసేశారు. రెండున్నరేళ్ళ తర్వాత, 2022 అక్టోబరుకు గానీ జట్టు ఇంటికి రాలేదు. వచ్చాక బాగా ఆడి లీగులో రెండో స్థానంలో నిలిచింది. ఆ మరుసటి ఏడే జీతాల బకాయిలు, ఫిఫా విధించిన బదిలీ నిషేధాలు, చేజారిన ఆటగాళ్ళు, మళ్ళీ అట్టడుగు. అంటే జట్టు బాగుండి, ఊళ్ళో ఉండి, జనం వెళ్ళగలిగిన సీజన్ ఒక్కటే. ఒక్క సీజన్‌లో ఏ ఊళ్ళోనూ అభిమానం పాతుకుపోదు.

స్టేడియం సంగతీ చెప్పాలి. అది ట్రాక్ ఉన్న అథ్లెటిక్ స్టేడియం. కొలతలు వేసి చూడండి. ప్రామాణిక ట్రాక్ లోపలి మైదానం పొడవు సుమారు 157 మీటర్లు, ఫుట్‌బాల్ పిచ్ పొడవు 105. గోల్ గీత వెనక ట్రాక్ అంచుకే 26 మీటర్లు పోతాయి. ఎనిమిది లేన్ల ట్రాక్ ఇంకో 9.76 మీటర్లు. ఆపైన కంచె, దాని వెనక కుర్చీలు. గోల్ వెనక ముందు వరసలో కూర్చున్నా దగ్గరి గోల్ 36 మీటర్ల పైన, అవతలి గోల్ 140 మీటర్ల పైన ఉంటుంది. అంత దూరాన జెర్సీ మీద నంబరే ఆనదు, ఇక బంతి గీత దాటిందో లేదో ఏం తెలుస్తుంది? పక్క గ్యాలరీలో అదే ట్రాక్ దాటడానికి 12 మీటర్లు చాలు. కాబట్టి ఇలాంటి స్టేడియంలో డప్పులు, జెండాలు పట్టుకొచ్చే బృందాన్ని గోల్ వెనక కాకుండా మైదానం మధ్య గీతకు ఎదురుగా కూర్చోబెట్టాలి. మూడు వేలమందే వస్తారనుకుంటే నాలుగు వైపులా గేట్లు తెరవకూడదు. ఒక వైపు నింపి, ఆ తర్వాతే రెండోది తెరవాలి. ముప్పైవేలు పట్టే చోట మూడు వేలమంది చెల్లాచెదురుగా కూర్చుంటే, వచ్చినవాళ్ళకు కూడా తప్పు చోటికి వచ్చామేమో అనిపిస్తుంది.

ప్రశ్న: 2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు స్టేడియాలు కిటకిటలాడాయి. తర్వాత ఎందుకు తగ్గింది? డెల్ పియెరో లాంటి పెద్ద పేర్లు రావడం మానేశాయనా? – విజయవాడ

జవాబు: పేర్ల పాత్ర కొంత ఉంది. డెల్ పియెరో, పిరెస్, ల్యుంగ్‌బెర్గ్‌లను చూద్దామని వచ్చినవాళ్ళు చాలామంది. మొదటి సీజన్ సగటు హాజరు 24 వేలు దాటింది. అయితే ఒకసారి చూసినవాడు, ముచ్చట తీరాక మళ్ళీ రావడానికి ఇంకో కారణం కావాలి.

అంతకంటే పెద్ద కారణం క్యాలెండర్. 2014లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు ఏడు హోమ్ మ్యాచ్‌లు, అన్నీ అక్టోబరు 12 నుంచి డిసెంబరు 20 లోపే. పదిరోజులకో ఆట, పండగ వాతావరణం. 2024-25కి వచ్చేసరికి పదమూడు జట్లు, పన్నెండు హోమ్ మ్యాచ్‌లు, ఆరు నెలల సాగదీత. మ్యాచ్‌లు పెరగడం ఆటకు మంచిదే. కానీ ఈసారి గురువారం, వచ్చేసారి సోమవారం, మధ్యలో జాతీయ జట్టు ఆటల కోసం విరామం అంటే 'మనవాళ్ళ ఆట ఎప్పుడు?' అని ప్రతిసారీ వెతుక్కోవాలి. మన ఊళ్ళో వారపు సంత ఏ రోజో ఎవరూ వెతకరు, తెలిసే ఉంటుంది. ఆట కూడా అలా తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది జట్ల తరలింపు. 2019లో ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడు పూణె జట్టు మూతపడి దాని స్థానం హైదరాబాద్‌కు వచ్చింది. 2025లో హైదరాబాద్ జట్టు ఢిల్లీకి పోయింది. ఢిల్లీ పిల్లవాడికి పోయిన జట్టు వేరు, వచ్చిన జట్టు వేరు. పూణె, హైదరాబాద్ పిల్లలకైతే మిగిలింది పాత జెర్సీలే. పైగా జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో వాణిజ్య హక్కులను పదిహేనేళ్ళకు ఇచ్చిన ఒప్పందం ముగింపుకొచ్చి, తర్వాత ఎవరు నడపాలో తేలక 2025-26 సీజన్ నెలల తరబడి ఆగింది. వచ్చే ఏడు జట్టు ఉంటుందో లేదో తెలియనప్పుడు సీజన్ టికెట్ ఎవరు కొంటారు?

ప్రశ్న: మా హాస్టల్లో అర్ధరాత్రి దాకా మేలుకుని యూరప్ మ్యాచ్‌లు చూస్తారు, మన లీగ్ ఊసే ఎత్తరు. ఆట నాణ్యతే కారణమా? – కరీంనగర్

జవాబు: నాణ్యతే అసలు కారణమైతే కోల్‌కతాను ఎలా వివరిస్తారు? 1997 జులై 13న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, ఈస్ట్ బెంగాల్–మోహన్ బగాన్. హాజరు 1,31,781. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, భూటియా హ్యాట్రిక్. అక్కడికి వచ్చినవాళ్ళు ప్రపంచంలోకెల్లా గొప్ప ఆట చూడటానికి రాలేదు, తమ జట్టు కోసం వచ్చారు.

మన దగ్గరా ఆ రోజులున్నాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ రెండు జట్లలోనూ ఆడాడు. ఆడేవాడు మన బస్తీవాడైతే వాడి ఆట చూడటానికి బస్తీ కదులుతుంది.

టీవీ పోటీ మాత్రం నిజమే. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ మ్యాచ్‌లను టీవీలో ప్రత్యక్షంగా చూపకూడదన్న కట్టుబాటు 1960ల నుంచీ ఉంది. పెద్ద జట్ల ఆట ఇంట్లోనే కనిపిస్తే చిన్న క్లబ్బుల గేటు వసూళ్ళు పడిపోతాయని పెట్టుకున్నది. అక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట చలికాలంలో మనకు రాత్రి 8:30కి. వాళ్ళ ఊరివాళ్ళకు టీవీలో రాని ఆట మన గదిలోకి వస్తుంది! మన లీగ్ మ్యాచ్ 7:30కి మొదలైతే సరిగ్గా సెకండాఫ్ వేళకు అది మొదలవుతుంది. శనివారం మన ఆటను ఐదు గంటలకు పెడితే ఈ తాకిడి తప్పుతుంది, పిల్లలున్న కుటుంబాలూ రాత్రి ఏడున్నరకల్లా ఇంటిదారి పడతాయి. ఐఎస్‌ఎల్ కింది మెట్టు జాతీయ లీగైన ఐ-లీగ్‌ది వేరే తిప్పలు: పనిరోజు మధ్యాహ్నం ఎండలో ఆటలు పెట్టేవారు. ఉద్యోగి, విద్యార్థి ఇద్దరూ రాలేని వేళ అది.

ప్రశ్న: 2018లో భారత జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియో పెట్టి రమ్మని బతిమాలితే స్టేడియం నిండిందిగా? అలా పిలిస్తే చాలదా? – ఖమ్మం

జవాబు: నిండింది. జూన్ 1న ముంబైలో చైనీస్ తైపీపై భారత్ 5-0తో గెలిచి, ఛెత్రి హ్యాట్రిక్ కొట్టిన ఆటకు వచ్చింది 2,569 మంది. ఆయన పిలుపు తర్వాత జూన్ 4న కెన్యాతో ఆటకు టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. అది ఆయన వందో మ్యాచ్ కూడా. ఒక్కరోజు పిలుపుకు జనం పలుకుతారు. ఏడాదికి పన్నెండుసార్లు అదే పిలుపు పనిచేయదు.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌కు జాతీయ లీగులో జట్టు ఎందుకు లేదు? – విశాఖపట్నం

జవాబు: 2020లో ఐ-లీగ్‌లో కొత్త జట్లకు చోటిచ్చినప్పుడు శ్రీనిధి అనే క్లబ్బుకు అవకాశం వచ్చింది విశాఖ పేరు మీదే. 2021-22లో బరిలోకి దిగిన శ్రీనిధి డెక్కన్ హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనాను సొంత మైదానం చేసుకుంది. 2022-23, 2023-24 రెండేళ్ళూ రెండో స్థానంలో నిలిచిన జట్టది. హైదరాబాద్ మిత్రులు వెళ్ళి చూడాల్సిన ఆట అక్కడుంది.

ప్రశ్న: మా మండలంలో ఎనిమిది జట్లతో లీగ్ పెడుతున్నాం. పోయినసారి ఆటగాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. ఐదువందలమందిని రప్పించాలంటే ఏం చేయాలి? – అనంతపురం జిల్లా

జవాబు: ముందు రోజు, వేళ ఖాయం చేయండి. ప్రతి ఆదివారం ఒకే మైదానంలో రెండు ఆటలు. వేళను సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కగట్టండి. సగానికి 35 నిమిషాలు, పది నిమిషాల విరామం, ఆలస్యాలు కలిపి ఒక ఆటకు గంటన్నర. డిసెంబరులో 5:30కే వెలుగు తగ్గుతుంది గనుక రెండో ఆట నాలుగింటికల్లా మొదలవ్వాలి. మొదటిది రెండున్నరకు. ఆలస్యంగా మొదలుపెట్టి చీకట్లో ఆపేస్తే వచ్చేవారం ఎవరూ రారు.

మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉంటే జనాన్ని పడమర వైపు కూర్చోబెట్టండి, సాయంత్రపుటెండ వీపు మీద పడుతుంది. తూర్పు వైపైతే కళ్ళలో కొడుతుంది. పక్క గీతకు మూడు మీటర్ల అవతల తాడు కట్టండి. తాడు లేకపోతే జనం గీత మీదికొస్తారు, లైన్స్‌మన్ పరిగెత్తలేడు, త్రో-ఇన్ వేసేవాడికి చోటుండదు, చివరికి గొడవవుతుంది.

విరామంలో పదేళ్ళలోపు పిల్లలకు చిన్న ఆట పెట్టండి. వారానికి రెండు బడుల నుంచి నలభైమంది పిల్లలు వస్తే, వెంట అమ్మానాన్నలు ఎనభైమంది. వాళ్ళు కూర్చోవాలంటే నీడ, తాగునీటి డ్రమ్ములు, ఆడవాళ్ళకు తలుపు గడియ ఉన్న మరుగుదొడ్డి కావాలి. ఈ చివరిది లేకే చాలా కుటుంబాలు మొదటి ఆట మధ్యలో లేచిపోతాయి.

మైకు ముందు ఆట తెలిసినవాణ్ణి కూర్చోబెట్టండి. నాయకుల పేర్లు తగ్గించి, గోల్ కొట్టినవాడి పేరు, ఊరు చెప్పించండి. బస్టాండులో ఒక నల్లబల్ల పెట్టి పాయింట్ల పట్టిక ఆదివారం రాత్రికే రాయండి, కింద వచ్చేవారం ఆటలు.

టికెట్ పది రూపాయలైనా సరే, పెట్టండి. ఉచిత పాసులు వెయ్యి పంచితే ఎంతమంది వస్తారో తెలియదు, నీళ్ళు ఎన్ని తెప్పించాలో కూడా తేలదు. బడిపిల్లలకు మాత్రం ఉచితం. గేటు దగ్గర చింపిన టికెట్ ముక్కలు ప్రతివారం లెక్కపెట్టి రాసుకోండి. నాలుగో వారానికి ఏ జట్టు ఆడితే ఏ ఊరు కదులుతోందో ఆ లెక్కలో తెలుస్తుంది. ఆ జట్లను రెండో ఆటకు వేయండి.