వీణకు సబ్‌స్క్రైబర్లు కాదు, చందాదారులు కావాలి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. పదకొండేళ్లుగా వీణ నేర్చుకుంటోంది. సినిమా పాటలు వాయించి యూట్యూబ్‌లో షార్ట్స్ పెడుతుంది. 2,400 మంది సబ్‌స్క్రైబర్లున్నా ఇంతవరకూ ఒక్క రూపాయి రాలేదు. డిగ్రీ మానేసి ఇదే చేస్తానని, అభిమానుల దగ్గర నేరుగా డబ్బు తీసుకోవచ్చని అంటోంది. ఒప్పుకోమంటారా?

జవాబు: అమ్మా, అభిమానుల దగ్గర నేరుగా డబ్బు తీసుకోవచ్చన్న మాట నిజమే. డిగ్రీ మానడానికి మాత్రం ఒప్పుకోకండి. ఈ పనికి వారానికి ఎనిమిది గంటలు చాలు, చదువుకు అడ్డం రాదు.

ముందు రూపాయి ఎందుకు రాలేదో చూద్దాం. యూట్యూబ్ ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటలు జనం చూసి ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసింది ఆ గంటల్లోకి రాదు. షార్ట్స్ మీదే అర్హత రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. ఇదంతా దాటినా, సినిమా పాట వరుసను యూట్యూబ్ వ్యవస్థ గుర్తుపడితే ఆ వీడియో ఆదాయం సాధారణంగా మ్యూజిక్ కంపెనీకే పోతుంది. పిల్ల కష్టంలో లోపం లేదు, దారే అటు పోదు.

మన గోదావరి జిల్లాల్లో గానసభలు నడిచింది సభ్యుల చందాలతో. ఎవరు చందా కట్టారో కార్యదర్శి పుస్తకంలో ఉండేది. మీ అమ్మాయికి ఇప్పుడు కావలసింది ఆ పుస్తకమే. ద్రాక్షారామంలో పుట్టిన వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారిని, కాకినాడలో పుట్టిన ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిని విన్న ప్రాంతం ఇది. వీణ వినే చెవులు ఇక్కడా ఉన్నాయి, ఇక్కడి నుంచి హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిన ఇళ్లలోనూ ఉన్నాయి.

నెలకు 150 రూపాయల చందా పెట్టి, వంద మందిని లక్ష్యంగా పెట్టుకోమనండి. అంటే 15,000. యూట్యూబ్‌లోనే మెంబర్‌షిప్ పెడితే వాళ్లు 30 శాతం ఉంచుకుంటారు, చేతికి 10,500 వస్తుంది. పైగా కట్టినవాళ్ల ఫోన్ నంబరు మీకు తెలియదు. రేపు ఛానల్‌కు ఏదైనా అయితే వంద మందీ పోయినట్టే. ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటుందనుకుంటే, అదే 15,000 మీద పోయేది 354 రూపాయలు. వాళ్లకు పాన్, బ్యాంకు వివరాలు ఇవ్వాలి, ఏం ఇస్తున్నారో, రిఫండ్ ఎలాగో రాసిన పేజీ చూపించాలి. నెలనెలా దానంతటదే డబ్బు కట్టే యూపీఐ ఆటోపే పెట్టించుకుంటే ప్రతి నెలా గుర్తుచేయాల్సిన బాధ ఉండదు. 15,000 లోపు మొత్తాలకు ప్రతిసారీ పిన్ కొట్టే పని కూడా లేదు.

ఉత్త క్యూఆర్ కోడ్‌తో రుసుము లేకుండా మొదలుపెట్టవచ్చు, మొదటి ఇరవై మంది వరకు నేనూ అదే చెబుతాను. ఆ తర్వాత మాత్రం పనికిరాదు. మూడో నెలకల్లా జనం మరిచిపోతారు, అడగడానికి మీ పిల్లకు మొహమాటం అడ్డొస్తుంది. అమెరికా, దుబాయ్ వాళ్లలో మన బ్యాంకుల్లో ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా (ప్రవాస భారతీయుల ఖాతా) ఉన్నవాళ్లు అక్కడి నంబరుతోనే యూపీఐ వాడగలరు, ముందు వాళ్లను అదే అడగండి.

ఆడపిల్ల కాబట్టి ఇంకో మాట. చాలా యాప్‌లు యూపీఐ ఐడీని ఫోన్ నంబరుతోనే తయారుచేస్తాయి. నంబరు లేని ఐడీ పెట్టించండి. ఈ పనికి వేరే సిమ్, వేరే సేవింగ్స్ ఖాతా ఉండాలి. మామూలు వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి కాబట్టి గ్రూపు వద్దు, ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. దానిలో 256 మంది పడతారు. అయితే మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ వెళుతుంది, ఆ సంగతి చేరినప్పుడే చెప్పాలి.

ఈ వంద మందీ ఎక్కడి నుంచి వస్తారు? వీడియో కింద మొదటి వరుసలో ఒక గూగుల్ ఫారం పెట్టండి: పేరు, ఊరు, వాట్సాప్ నంబరు, వినాలనుకునే కృతి. ఈ నాలుగే. అయిదో ప్రశ్న అడిగితే మధ్యలో వదిలేస్తారు. పేరు పెట్టి మూడుసార్లు కామెంట్ రాసినవాళ్లకు మీ అమ్మాయే స్వయంగా జవాబు రాయాలి. గుడి ఉత్సవంలో వాయించినప్పుడు వేదిక పక్కన ఆ ఫారం క్యూఆర్ అట్ట ఉండాలి. చందా మొదలుపెట్టడానికి దసరా మంచిది. సరస్వతీ పూజ రోజు వీణ వినాలని ఎవరికైనా ఉంటుంది.

ఇక ఇచ్చేది. నెలకు 8 నుంచి 12 నిమిషాల పూర్తి రికార్డింగు ఒకటి, ఒక ఆదివారం ఉదయం ఏడింటికి నలభై నిమిషాల వీడియో కచేరీ. అప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి అవుతుంది, ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. అంతకు మించి మాట ఇవ్వొద్దు. పుట్టినరోజు పాటలు, వారం వారం వీడియోలు అని ఉత్సాహంగా ఒప్పుకుంటారు, సెమిస్టర్ పరీక్షలు రాగానే అన్నీ ఆగిపోతాయి, చందాలూ ఆగిపోతాయి. రెండు నెలల రికార్డింగులు ఎప్పుడూ ముందే సిద్ధంగా ఉండాలి.

డబ్బు తీసుకుని ఇచ్చే వాటిలో సినిమా పాటలు వద్దు, హక్కులు మనవి కావు. త్యాగరాజు కృతులు, రాగాలాపన, తానం, సొంత రచనలు పెట్టవచ్చు. అన్నమయ్య దగ్గర జాగ్రత్త. సాహిత్యం అందరిదీ, కానీ మనం వింటున్న వరుసల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి వారు మన కాలానికి దగ్గరలో కట్టినవి. వీణ మీద వినిపించేది వరుసే కదా. ఎవరిదో తెలియని వరుసను అమ్మకానికి పెట్టొద్దు.

శబ్దం బాగాలేకపోతే రెండో నెల ఎవరూ కట్టరు. మైకు వీణ కుండకు (నాదం పలికే గుండ్రటి భాగానికి) అడుగున్నర దూరంలో, కొంచెం పక్కగా పెట్టండి. మీటే చేతికి ఎదురుగా పెడితే నాదం కంటే గోటి చప్పుడే ముందు వినిపిస్తుంది. ఎంత గట్టిగా మీటినా, రికార్డింగులో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఫ్యాను, కూలరు కట్టేసి, తోటల్లో మోటార్లు వేయకముందు తెల్లవారుజామున రికార్డు చేయండి. మన ఎండాకాలంలో వీణ మెట్ల కింద మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది, పై స్థాయిలో స్వరం తప్పుతుంది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. అందుకని మార్చి లోపలే వేసవికి సరిపడా రికార్డింగులు తీసిపెట్టుకోవాలి.

లెక్క మీరు రాయండి, అమ్మాయికి వదలొద్దు. నెలాఖరుకు ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఎందుకు మానేశారు. మానేసినవాళ్లలో కొందరి ఖాతాలో ఆ రోజు డబ్బు లేక ఆటోపే ఆగి ఉంటుంది, వాళ్లకు మర్యాదగా ఒక్క మెసేజ్ పెడితే తిరిగి వస్తారు. ఏడాదికి 20 లక్షలు దాటే దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ లేదు కానీ, ఈ ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. బీకాం పిల్లే కదా, అది తనే వేసుకుంటుంది. వరసగా ఆరు నెలలు మానేసేవాళ్ల కంటే చేరేవాళ్లు ఎక్కువగా ఉండి, చేతికి వచ్చేది నెలకు 15,000 తగ్గకుండా ఉంటే, డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతకాలా, వీణ మీదే ఉండాలా అన్నది ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోండి.