పాటల వాటా అమ్మి ఆల్బమ్ తీయొచ్చా?

ప్రశ్న: మేం టెన్నెస్సీలో, నాష్‌విల్ దగ్గర ఫ్రాంక్లిన్‌లో ఉంటాం. మా అమ్మాయికి 27 ఏళ్లు. నాలుగేళ్లుగా మ్యూజిక్ రోలో (నాష్‌విల్‌లో పాటల కంపెనీలుండే పేట) ఒక పబ్లిషింగ్ కంపెనీకి, అంటే పాటల హక్కులు చూసే కంపెనీకి, కంట్రీ పాటలు రాస్తోంది. నెలకు 2,500 డాలర్లు ఇస్తారు. తను రాసిన పాట ఒకటి ఈ మధ్యే రేడియోలో బాగా తిరిగింది. ఇప్పుడు ఒక రికార్డు కంపెనీ తననే పాడమంటోంది. బ్యాండు, వ్యాను, ప్రయాణాల ఖర్చుకు ఇప్పటిదాకా రాసిన పాటల మీద తన వాటాను 90,000 డాలర్లకు అమ్మేస్తానంటోంది. లేదంటే మమ్మల్ని ఇంటి మీద లోను తియ్యమంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మకం వద్దండి, ఇంటి మీద లోనూ వద్దు. రికార్డు కంపెనీ పిలుపును మాత్రం కాదనకండి. ఈ మూడూ విడివిడి విషయాలు.

ముందు వాటా సంగతి. నెలనెలా వచ్చే ఆ 2,500 జీతం కాదు, రాబోయే రాయల్టీల మీద అడ్వాన్సు. నాలుగేళ్లకు లక్షా 20 వేల డాలర్లు అమ్మాయి పేర బాకీగా రాసి ఉంటాయి. అది ఎంత నెమ్మదిగా తీరుతుందో చూడండి. 2025లో సీడీ, వినైల్ మీద పాటకు చట్టం ప్రకారం రేటు 12.7 సెంట్లు. లక్ష కాపీలు అమ్ముడైతే 12,700 డాలర్లు. నాష్‌విల్‌లో ఒక్కరే కూర్చుని పాట రాయడం తక్కువ. ముగ్గురు రాశారనుకుంటే తన వంతు 4,233. మామూలు ఒప్పందంలో అందులో సగం పబ్లిషర్‌ది. మిగిలిన రెండు వేల చిల్లర కూడా చేతికి రాదు, బాకీలో జమవుతుంది.

రేడియో రాయల్టీ దారి వేరు. రేడియోల నుంచి డబ్బు వసూలు చేసే ఆస్కాప్, బీఎంఐ లాంటి సంస్థలు రచయిత వాటాను నేరుగా రచయితకే పంపుతాయి. మామూలుగా పబ్లిషర్ దాన్ని బాకీ కింద పట్టుకోడు. 90,000 ఇస్తామన్నవాళ్ల కన్ను దీని మీదే ఉందని నా అనుమానం. పైగా ఆ డబ్బు ఆరేడు నెలలు ఆలస్యంగా వస్తుంది. పాట ఈ మధ్యే తిరిగిందంటున్నారు కాబట్టి అసలు పెద్ద చెక్కులు ఇంకా రాలేదేమో. పాత రాయల్టీ స్టేట్‌మెంట్ల సగటు మీద ధర కట్టారంటే, పూత మీదున్న మామిడి తోటను చవగ్గా బేరమాడినట్టే. ముందు గత మూడేళ్ల స్టేట్‌మెంట్లు తెప్పించి, వాళ్లు ఏ సంవత్సరం దాకా లెక్కేశారో అడగండి.

ఇంకొకటి. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకు, పబ్లిషర్‌కు డబ్బొస్తుంది. పాడినవాళ్లకు పైసా రాదు. రేపు మీ అమ్మాయి తన పాట తనే పాడినా రేడియో నుంచి చెక్కు వచ్చేది రాసినందుకే.

ఇలా రచయితగా మొదలై గాయకుడైనవాడు క్రిస్ స్టేపుల్‌టన్. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరి మానేసిన మనిషి. మన ఇళ్లలో అయితే ఆ ఒక్క మాటకే రెండేళ్లు పలకరింపులుండవు. 2001లో కెంటకీ నుంచి మళ్లీ నాష్‌విల్ చేరి, కొద్ది రోజుల్లోనే పాటల రచయితగా ఒప్పందం సంపాదించాడు. పేరున్న కంట్రీ గాయకులు జార్జ్ స్ట్రెయిట్, కెన్నీ చెస్నీ, జోష్ టర్నర్, ల్యూక్ బ్రయన్‌లకు పాటలిచ్చాడు. 2013లో సొంతంగా పాడి వదిలిన పాట ఆడలేదు. మొదటి సోలో ఆల్బమ్ ‘ట్రావెలర్’ వచ్చింది 2015 మేలో. ఆ నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ (సీఎంఏ) అవార్డులు మూడు గెలిచాకే అది ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికెళ్లింది. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. పాడిన పాట ఆడకపోయినా మళ్లీ ప్రయత్నించేంత తీరిక దొరికిందంటే, రాసిన పాటలు చేతిలో ఉండబట్టే.

అమ్మకం మాటకొస్తే కంట్రీ గాయకుడు, రచయిత విల్లీ నెల్సన్‌ను చూడండి. డబ్బుకు కటకటలాడే రోజుల్లో తను రాసిన ‘ఫ్యామిలీ బైబిల్’ పాటను 50 డాలర్లకు ఇచ్చేశాడు. 1960లో క్లాడ్ గ్రే పాడితే హిట్టయింది, రచయితల పేర్లలో ఆయన లేడు. ప్యాట్సీ క్లైన్ పాడిన ‘క్రేజీ’ కూడా ఆయన రాసిందే. గాయకుడిగా పెద్ద పేరు మాత్రం 1975 దాకా రాలేదు.

ఇక రికార్డు ఒప్పందం. ఇందులో నేను మొదట వెతికేది రచయితే గాయని అయినప్పుడు పెట్టే క్లాజు: సొంత పాటలకు చట్టం చెప్పిన రేటులో నాలుగింట మూడొంతులే ఇస్తామంటారు. అంటే 12.7 సెంట్లు కాస్తా తొమ్మిదిన్నరకు దిగుతుంది. పూర్తి రేటు అడగమనండి. కచేరీల్లో, టీషర్టుల్లో ఎంత శాతం కోరుతున్నారో చూడండి. పబ్లిషింగ్‌లో, అంటే పాట హక్కుల్లో, వాటా అడిగితే అక్కడే ఆగాలి. ఎల్విస్ ప్రెస్లీ పాడతాడంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. అయినా ఆయన మేనేజర్ సగం పబ్లిషింగ్ కావాలనేసరికి డాలీ పార్టన్ తను రాసిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడినప్పుడు ఆ డబ్బంతా ఎటు వెళ్లిందో చెప్పక్కర్లేదు.

పన్ను సంగతి ఇప్పుడే అలవాటు చెయ్యండి. టెన్నెస్సీలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ, సొంత పని చేసుకునేవాళ్లకు 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్, దాని పైన ఫెడరల్ పన్ను ఉంటాయి. ప్రతి చెక్కులో 30 శాతం వేరే ఖాతాలో వేసి ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరిల్లో కట్టించండి. 1990లో ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ విల్లీ నెల్సన్ ఆస్తులు జప్తు చేసింది కోటీ 60 లక్షల డాలర్లకు పైబడ్డ పన్ను బాకీకి. అది తీర్చడానికి ఆయన ఏకంగా ఒక ఆల్బమే అమ్మాల్సి వచ్చింది.

ఇంటి లోను దేనికి వద్దంటున్నానంటే, ఆల్బమ్ ఆడకపోతే అమ్మాయికి ఇంకో ఆల్బమ్ ఉంటుంది, మీ రిటైర్మెంట్‌కు ఇంకో ఇల్లుండదు. సాయం చెయ్యాలనుంటే అప్పు కాకుండా, మీ పొదుపులోంచి తిరిగి అడగని మొత్తం ఒకటి అనుకుని ఇవ్వండి. 2025 లెక్కన మీ దంపతులిద్దరూ చెరో 19,000 చొప్పున 38,000 దాకా ఇచ్చినా గిఫ్ట్ టాక్స్ రిటర్ను అక్కర్లేదు. అమ్మాయికి 26 దాటింది కాబట్టి మీ హెల్త్ ఇన్సూరెన్సులో ఇక ఉండదు. మీరిచ్చే డబ్బులోంచి ముందుగా ఒక ఏడాది ప్రీమియం కట్టించండి. ఆ తర్వాతి ఖర్చు మ్యూజిక్ లాయర్. రికార్డు కంపెనీ చెప్పినవాడు కాకుండా మీరే వెతికి పెట్టుకున్నవాడై ఉండాలి. వాళ్ల ఫీజు గంటల లెక్కన ఉంటుంది, కాబట్టి వెళ్లేముందే పబ్లిషింగ్ ఒప్పందం, ఆ మూడేళ్ల స్టేట్‌మెంట్లు పంపించేయండి.