పాత టీవీ ఎపిసోడ్లు ఎలా పోయాయి?
1960ల నాటి బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు కొన్ని ఎందుకు దొరకవని అడిగారు. అగ్నిప్రమాదమేమీ కాదు, బీబీసీయే చెరిపేసింది. అప్పట్లో రెండంగుళాల వెడల్పు వీడియో టేపు బాగా ఖరీదు. పలక తుడిచి రాసినట్టు, పాతది చెరిపి దానిమీదే కొత్తది రికార్డు చేసేవాళ్లు. ఇళ్లలో వీసీఆర్లు లేని రోజులు, మళ్లీ ఎవరు చూస్తారులే అనుకున్నారు.

కొన్నయినా మిగిలాయంటే విదేశీ అమ్మకాల పుణ్యమే. టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి, 16 ఎం.ఎం. రీళ్లకు ఎక్కించి పంపేవారు. ప్రసారం అయ్యాక అక్కడి టీవీ సంస్థలు వాటిని తిప్పి పంపాలి, లేదా నాశనం చేయాలి. అందరూ ఆ మాట వినకపోవడం మన అదృష్టం! 2013లో బయటపడ్డ 9 ఎపిసోడ్లు నైజీరియాలోని జోస్‌లో దొరికినవే. దొరకని ఎపిసోడ్ల శబ్దం మాత్రం అన్నిటిదీ ఉంది. అభిమానులు ఇంట్లో టేప్ రికార్డర్లతో పట్టి ఉంచారు.