కర్ణభేరికి రంధ్రం ఉంటే అదే జబ్బా, జబ్బు వల్ల రంధ్రం పడిందా?

మీరు రాసినదాని ప్రకారం మీ కుడి కర్ణభేరికి చిన్నప్పటి నుంచి రంధ్రం ఉంది, జలుబు చేసినప్పుడల్లా ఆ చెవి కారుతుంది, నొప్పి మాత్రం ఉండదు. డాక్టరుగారు చీటీలో దీర్ఘకాలిక మధ్యచెవి వ్యాధి అని రాసి ఆపరేషన్ మాట ఎత్తేసరికి, రంధ్రమే జబ్బా, జబ్బు వల్ల రంధ్రం పడిందా, నొప్పే లేనప్పుడు కోత ఎందుకు అన్న సందేహం మీకు వచ్చింది. నేను వైద్యుణ్ణి కాను. అయితే ఎడమ చెవిలో ఇలాంటి రంధ్రంతోనే చాలా ఏళ్లు గడిపి, చివరికి కర్ణభేరిని అతికించుకున్నవాణ్ణి. మా మేనమామకు కూడా చెవి కారడంతోనే మొదలైన జబ్బు మరో దారి పట్టినప్పుడు ఆయన వెంట ఆసుపత్రికి వెళ్లి, దగ్గరుండి చూసుకున్నవాణ్ణి. ఆ రెండు అనుభవాల నుంచి, మా డాక్టర్లు ఓపికగా వివరించిన దాని నుంచి చెబుతున్నాను.

కర్ణభేరి సుమారు 9, 10 మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న పొర. బయటి వైపు చర్మం, లోపలి వైపు శ్లేష్మపొర, ఆ రెంటి మధ్య గట్టి పీచుపొర ఉంటాయి. దాని వెనక గాలి నిండిన చిన్న గదే మధ్యచెవి. ఆ గదిని ముక్కు వెనక భాగంతో యూస్టేషియన్ నాళం కలుపుతుంది. పిల్లల్లో ఈ నాళం పొట్టిగా, ఎక్కువ అడ్డంగా ఉంటుంది కనుక జలుబుతో వచ్చిన క్రిములు సులువుగా చెవిలోకి చేరతాయి, లోపల చీము పట్టి ఒత్తిడి పెరిగితే కర్ణభేరి చిల్లుపడుతుంది. రాత్రంతా చెవిపోటుతో ఏడ్చిన పిల్లవాడు తెల్లవారేసరికి దిండు మీద చీము మరకతో, నొప్పి తగ్గి నిద్రపోవడం చాలా ఇళ్లలో చూసిందే. ఇలా పడిన రంధ్రాల్లో ఎక్కువ భాగం కొద్ది వారాల్లో వాటంతట అవే పూడుకుంటాయి.

పూడుకోనివే మనలాంటి వారి చెవులు. ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు బయటి చర్మం రంధ్రం అంచు మీదుగా లోపలికి మళ్లి శ్లేష్మపొరను కలుసుకుంటుంది. చెవి కుట్టించుకున్న రంధ్రం కొంతకాలానికి ఇక మూసుకోనట్టే ఇదీ అలా నిలిచిపోతుంది. అప్పటి నుంచి స్నానం నీరు, దానితోపాటు బయటి క్రిములు ఆ దారిన లోపలికి వెళతాయి. ముక్కు వైపు నుంచి జలుబు ఎలాగూ వస్తుంది. లోపలి శ్లేష్మపొర వాచి చీము కారుస్తూ ఉంటే అంచులు మానే అవకాశమే ఉండదు. అందుకే మీ ప్రశ్నకు నా సమాధానం ఇది: మొదట జబ్బు రంధ్రాన్ని చేసింది, ఆ తరువాత రంధ్రం జబ్బును నిలబెడుతోంది. రెంటినీ కలిపే డాక్టర్లు ఒకే పేరుతో పిలుస్తారు.

నొప్పి లేకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. చీము బయటికి పోయే దారి తెరిచే ఉన్నందువల్ల లోపల ఒత్తిడి పెరగదు, అందువల్ల నొప్పి పుట్టదు. దాన్ని చూసి చెవి క్షేమంగా ఉందని అనుకోకూడదు. ఏళ్ల తరబడి నొప్పి లేకుండా కారిన చెవిలో కొత్తగా నొప్పి మొదలైతే అది ఆలస్యం చేయకుండా చూపించుకోవలసిన సంగతి.

రంధ్రం ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడ ఉంది అన్నది ముఖ్యమని మేనమామ విషయంలో నాకు బాగా అర్థమైంది. నాది కర్ణభేరి బిగువుగా ఉండే భాగంలో, చుట్టూ అంచు మిగిలి ఉన్న మధ్య రంధ్రం. అలాంటి చెవి జలుబు చేసినప్పుడు ధారాళంగా, జిగురుగా, పెద్దగా వాసన లేకుండా కారుతుంది. ఆయనకు కారేది చాలా తక్కువ, కానీ దుర్వాసన ఎక్కువ. యూస్టేషియన్ నాళం సరిగా పనిచేయక మధ్యచెవిలో గాలి ఒత్తిడి తగ్గడంతో కర్ణభేరి పైభాగం లోపలికి పీల్చుకుపోయి సంచిలా తయారైంది. ఆ సంచిలో రాలిన చర్మం పొరలు పొరలుగా పేరుకుని చుట్టుపక్కల ఎముకను తినేసింది. దీన్ని కొలెస్టియటోమా అంటారు. పేరు భయపెట్టినా ఇది క్యాన్సర్ కాదు, కానీ మందులతో పోయేదీ కాదు. చెవి ముందున్న చిన్న మృదులాస్థిని నొక్కితే ఆయనకు తల తిరిగేది. సమతుల్యత చూసే అర్ధవలయ నాళం గోడ వరకు ఎముక అరిగిపోయిందని సీటీ స్కాన్‌లో తేలింది. చెవి వెనక ఉండే మాస్టాయిడ్ ఎముకను తొలిచి శుభ్రం చేసే ఆపరేషన్ చేశారు. చెవిని ప్రమాదం లేకుండా, పొడిగా చేయడమే మొదటి లక్ష్యమని, వినికిడి ఆ తరువాతి మాటని సర్జన్ ముందే చెప్పారు. వినికిడి తిరిగి రాలేదు, ఆ చెవిని ఇప్పటికీ అప్పుడప్పుడూ శుభ్రం చేయించుకోవాలి, కానీ తల తిరగడం పోయింది.

కాబట్టి మీ డాక్టరుగారిని మొట్టమొదట అడగవలసింది రంధ్రం మధ్యలో ఉందా, అంచునో పైభాగంలోనో ఉందా అని. మైక్రోస్కోపుతోనో ఎండోస్కోపుతోనో చూస్తే ఇది చాలావరకు తెలుస్తుంది. వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ పరీక్ష కూడా చేయించుకోండి. రంధ్రం ఒక్కటే కారణమైతే వినికిడి లోపం సాధారణంగా 40 డెసిబెల్స్ లోపు ఉంటుంది. అంతకు మించి ఉంటే లోపలి మూడు చిన్న ఎముకల్లో ఏదో, చాలాసార్లు దాగలి ఎముక కొన, అరిగి ఉంటుందని అనుమానిస్తారు.

ఈలోగా చెవిని పొడిగా ఉంచడమే సగం వైద్యం. తలంటు పోసుకునేటప్పుడు వాసలీన్ పూసిన దూది పెట్టుకోండి. చెరువు, కాలువ, ఈతకొలనుల్లో మునగవద్దు. కారుతున్నప్పుడు చీమును తుడిపించి శుభ్రం చేయించాకే చుక్కలు వేస్తే అవి చేరవలసిన చోటికి చేరతాయి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం చుక్కలే ఎక్కువగా రాస్తారు. జెంటామైసిన్, నియోమైసిన్ కలిసిన చుక్కలు రంధ్రం గుండా లోపలి చెవికి హాని చేయగలవు, అందుకే మందుల దుకాణంలో అడిగి ఏదో ఒకటి వేసుకోవద్దు. వెల్లుల్లి కాచిన నూనె, ఆకు పసరు అసలే వద్దు. మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే అయినా వాటి వల్ల చెవిలో బూజు పడుతుంది, ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్లను నొప్పించకుండా, గట్టిగానే కాదనండి.

ఇక ఆపరేషన్ సంగతి. నాకు చేసింది టింపనోప్లాస్టీ. చెవి పైన కణత కండరాన్ని కప్పి ఉండే పలుచటి పొరను కొంచెం తీసి రంధ్రానికి అతికిస్తారు. కొంతకాలంగా చెవి పొడిగా ఉన్నప్పుడు చేస్తే మంచిదని చెప్పి, నా ముక్కు అలర్జీకి ముందుగా మందులిచ్చి, ఆ తరువాతే తేదీ ఇచ్చారు. మధ్య రంధ్రాల్లో పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి అతుకు నిలుస్తుంది, పొగతాగేవారిలో ఆ అవకాశం తగ్గుతుంది. తరువాత కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, విమాన ప్రయాణం మానాలి. నాలుకకు ఒక పక్క రుచి కొంతకాలం మారింది, అది రుచి నాడి చెవిలోంచే వెళ్లడం వల్లనట. జలుబు చేస్తే చెవి కారడం ఆగిపోయింది, వినికిడి కూడా కొంత మెరుగైంది.

మీది మధ్య రంధ్రమే అయితే తొందరేమీ లేదు, సెలవులు చూసుకుని నిర్ణయించుకోవచ్చు. అంచునో పైభాగంలోనో ఉందంటే మాత్రం వాయిదా వేయవద్దు. ఖర్చు అడ్డమైతే హైదరాబాద్ కోఠీలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. రంధ్రం ఏ రకమైనా సరే, మూతి ఒక పక్కకు లాగినా, కళ్లు తిరిగినా, చెవి కారుతూ జ్వరంతో విపరీతమైన తలనొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.