చిన్నప్పటి జ్ఞాపకం నిజంగా మనదేనా, విన్నదా? ఎలా తెలుస్తుంది?

తనకంటే ఆరేళ్లు పెద్దయిన అన్నయ్యకు చిన్నప్పటి సంగతులన్నీ గుర్తున్నాయని, తనకు గుర్తున్న కాసిన్నిట్లో సొంతవెన్నో, విన్నవెన్నో తెలియడం లేదని అడిగారు ఒకరు. నాకు జరిగింది చెబుతాను.

మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లె. 1996 నవంబరు 6 తుఫానుకి నాకు పదేళ్లు. ఆ రాత్రి గురించి ఇరవయ్యేళ్లకు పైగా ఒకటే కథ చెప్పాను. పెంకులు లేచిపోతుంటే అందరం ఎదురింటి డాబాలోకి పరుగెత్తాం, మామ్మ నన్ను కొంగులో చుట్టేసింది, కిటికీ సందులోంచి కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే ఒరిగిపోవడం చూశాను. హాస్టల్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను. పెళ్లైన కొత్తలో మా ఆయనకైతే కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాను.

ఒక సంక్రాంతికి అందరం చేరినప్పుడు పిల్లలకు ఇదే చెబుతుంటే, అరిసెలు వత్తుతున్న అమ్మ తలెత్తి, "ఆ రాత్రి నువ్విక్కడ ఎక్కడున్నావే? పచ్చకామెర్లని కాకినాడలో అత్తయ్య దగ్గర వదిలొచ్చాం కదా" అంది. అక్క ఒకటే నవ్వు. మామ్మ కొంగులో ఉన్నది తనట!

నేను నమ్మలేదు. అత్తయ్యకి ఫోన్ చేశాను. "కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించి నీకు పథ్యం అన్నం పెట్టానమ్మా, తిననని ఏడ్చావు" అంది. అందులో ఒక్క ముక్క కూడా నాకు గుర్తులేదు.

మరి నాకు గుర్తున్నదేంటి? కొన్ని రోజుల తర్వాత నాన్న వచ్చి నన్ను తీసుకెళ్లడం. యానాం దగ్గర ఇప్పుడున్న వంతెన అప్పటికి లేదు, పంటు మీద ఎదుర్లంకకు దాటాలి. పంటు డీజిల్ కంపు, తడి చెక్కలు. ఒడ్డు దిగాక నాన్న సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ వచ్చారు, ఒక్క మాట మాట్లాడలేదు. మా ఊరి దారిలో ఎండ. తోటల నీడ తప్ప ఎరగని దారి అది, అంత ఎండ అక్కడ నేనెప్పుడూ చూడలేదు. ఈ ముక్క ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోరు, చెప్పుకోవడానికి ఇందులో కథేం లేదు మరి. అందుకే దీన్ని కాస్త నమ్ముతాను.

జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో కాదండి. తలుచుకున్నప్పుడల్లా మెదడు దాన్ని మళ్లీ కడుతుంది. ఆ కట్టడంలో అక్క చెప్పింది, పేపర్లో చూసింది, నిన్న మనం చెప్పిన తీరు, అన్నీ కలిసిపోతాయి. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మనస్తత్వ శాస్త్రవేత్త అల్రిక్ నైసర్ బృందం మర్నాడే విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించింది. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగితే, 11 మంది చెప్పినవి ముఖ్యమైన విషయాలన్నిట్లోనూ తప్పు. వాళ్లలో చాలామంది గట్టి నమ్మకంతోనే చెప్పారు. వాళ్ల చేతిరాతే చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. నా కథలా సంక్రాంతికి నవ్వులపాలు కాలేదు, అంతే తేడా.

ఇంకో సంగతి. డాబా దృశ్యంలో నన్ను నేను బయటినుంచి చూస్తాను, కొంగులో ముడుచుకున్న ఓ పిల్లలా. పంటు మీద మాత్రం నా కళ్లతో చూస్తాను. దీన్ని పరీక్షగా పెట్టుకోకండి. పాత జ్ఞాపకాల్లో మనల్ని మనమే బయటినుంచి చూడటం మామూలేనని ఇదే నైసర్, నిగ్రోతో కలిసి 1983లో రాశారు.

మన భాషలో 'తెలుసు' వేరు, 'గుర్తుంది' వేరు. ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో విడదీసింది దాదాపు ఇదే. 1986 ఆగస్టు గోదావరి వరద నాకు తెలుసు, గోడ మీద నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తాను కూడా. కానీ అప్పుడు నేను నెలల పిల్లని. మూడేళ్లలోపు సంగతులు మామూలుగా ఎవరికీ మిగలవు. మీ అన్నయ్య లెక్కా ఇంతే. మీకు రెండేళ్లప్పటి సంగతి ఆయనకు ఎనిమిదేళ్లప్పటిది. అందులో మీ లోపమేం లేదు.

తవ్వుకోవాలంటే, ఫలానా ఏడాది ఏమైంది అని అడిగితే ఏమీ రాదు. మా మామ్మ ఏదైనా దాళ్వా కోతలకు ముందా, పుష్కరాలకు తర్వాతా అనే లెక్క చూసేది, తారీఖులు పట్టేది కాదు. నాకు వాసన పనిచేస్తుంది. కొబ్బరి పీచు నానేసిన గుంట పక్కన నిలబడితే బడికెళ్లే అడ్డదారి, తెగిన చెప్పు, తడిసిన ఎక్కాల పుస్తకం వరసగా వచ్చేస్తాయి. భావోద్వేగం, జ్ఞాపకం చూసుకునే మెదడు భాగాలకు వాసనకి దగ్గరి దారి ఉంది మరి. అన్నయ్యతో మాట్లాడకముందే మీకు గుర్తున్నది కాగితం మీద పెట్టండి. ఒకసారి ఆయన చెప్పేశాక ఇక విడదీయలేరు.

నా సంగతే చూడండి. అత్తయ్యతో మాట్లాడాక ఈమధ్య ఆ కొవ్వొత్తి నాకు కనిపిస్తోంది. పక్కన సత్తు కంచం కూడా. కంచం సంగతి అత్తయ్య చెప్పనే లేదు.