జనవరి జిమ్ములో వంతు ఎవరిది?

డిసెంబరు దాకా మోకాళ్ల నొప్పుల గురించి అడిగిన పాఠకులు, జనవరి రాగానే జిమ్ము గురించి రాస్తారు. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ ఉత్తరాలు రద్దీ గురించే. నేను ముప్పై ఒక్కేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే పాలకొల్లులో ఒక జిమ్ముకి వెళ్లి, కొత్తగా చేరినవాళ్లను చూసుకుంటున్నాను. మీరు రాసినవన్నీ అక్కడ నా కళ్ల ముందు జరుగుతున్నవే.

ప్రశ్న: జనవరి 1న జిమ్ములో చేరాను. వయసు 24. రొయ్యల చెరువుల పని వల్ల ఉదయం 6 నుంచి 7 వరకే నాకు వీలవుతుంది. ఆ టైములో ముప్పై మంది ఉంటారు, బెంచీలు రెండే. ఒకాయన బెంచీ మీద తువ్వాలు వేసి, పక్క మిషను మీద నీళ్ల సీసా పెట్టి రెండూ తనవే అంటారు. వయసులో పెద్దాయన. అడగాలంటే టెన్షన్‌గా ఉంటుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వీరవాసరం

జవాబు: అడుగు బాబూ, తప్పేం లేదు. కాకపోతే "ఎప్పుడు ఖాళీ చేస్తారు?" అని అడిగితే లేచిపొమ్మన్నట్టు వినపడుతుంది. "ఏవండీ, ఇంకా ఎన్ని సెట్లున్నాయండీ? మధ్యలో నేనూ ఒకటి చేసుకోవచ్చాండీ?" అని అడుగు. (ఆగకుండా వరసగా చేసే ఒక విడతనే సెట్టు అంటారు.) మన వైపు మనుషులకి ఆ "అండీ" చెవిన పడితే సగం కోపం అక్కడే దిగిపోతుంది. "ఆయ్, రండి" అనేవాళ్లే ఎక్కువ.

ఇందులో లెక్క కూడా ఉంది. బరువు బాగా ఎత్తేవాళ్లు ఒక సెట్టుకీ ఇంకో సెట్టుకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగుతారు. కండరం కోలుకోవాలి కాబట్టి ఆగాలి కూడా. సెట్టు మాత్రం ముప్పై నలభై సెకన్లలో అయిపోతుంది. అంటే బెంచీ పని చేసే సమయం కన్నా ఊరికే ఉండే సమయమే ఎక్కువ. ఆయన ఆగినప్పుడు నువ్వు, నువ్వు ఆగినప్పుడు ఆయన చేసుకుంటే ఎవరి వ్యాయామమూ చెడదు. బరువులు మార్చే పని మాత్రం నువ్వే చెయ్యి. నీ సెట్టు కాగానే ఆయన బరువు మళ్లీ ఎక్కించి, బెంచీ తుడిచి లే.

నువ్వు చెరువుల పనిలో ఉన్నా మీ ఇంట్లో వ్యవసాయం తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీటి ఎద్దడి వస్తే కాలువ మీద వంతులు పెడతారు కదా. ఎగువన ఉన్న రైతు తన వంతు అయ్యాక కూడా తూము మూయకుండా ఇంటికి పోతే, శివారు చేను నెర్రెలిస్తుంది. ఎగువ రైతుకి అక్కరలేని నీళ్లు మురుగు కాలువలో కలుస్తాయి. బెంచీ మీద తువ్వాలు వేసి, పక్క మిషను దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చోవడం అలాంటిదే. ఒకేసారి రెండింటి మీద మార్చి మార్చి చేసే పద్ధతి మంచిదే. అది మధ్యాహ్నం చేసుకోవాలి కానీ, ఉదయం 6 గంటలకి, ముప్పై మంది మధ్య కాదు.

చిన్నప్పుడు సెలవులకి అమలాపురంలో మా మేనమామ ఇంటికి పోయేవాణ్ణి. దసరాకి చెడీ తాలింఖానా ఊరేగింపులో కర్రలూ కత్తులూ తిప్పేవాళ్లను చూసి, నేనూ నేర్చుకుంటానని ఒక తాలింఖానాలో చేరాను. పన్నెండు మంది పిల్లలం, ఇనప డంబెల్స్ ఒక్క జత. ఒకడు అవి పట్టుకుంటే తక్కినవాళ్లు దండీలు (పుషప్స్), బస్కీలు (స్క్వాట్స్) తీసేవాళ్లం. ఖాళీగా నిలబడి వంతు కోసం ఎదురుచూసినట్టు నాకు ఒక్కరోజు కూడా గుర్తులేదు. బెంచీ దొరకని రోజు నువ్వూ అదే చెయ్యి. ఆరడుగుల నేల ఉంటే దండీలకి సరిపోతుంది. కొత్తలో నీకు అంతకన్నా పెద్ద పని అక్కరలేదు కూడా.

అడిగినా ఆయన ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోకు. జిమ్ము చూసుకునే వ్యక్తికి చెప్పు, అది ఆయన పని.

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. షుగరు రావడానికి దగ్గరలో ఉందని, వ్యాయామం మొదలుపెట్టమని డాక్టరు గారు చెప్పారు. జిమ్ములో కుర్రాళ్లు అద్దం ముందు ఫోను పెట్టి రీల్స్ తీసుకుంటుంటే వెనక నేను కనపడుతున్నాను. ఇంట్లో చెబితే మానేయమంటున్నారు. నాకు మానాలని లేదు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మానకండమ్మా. మానాల్సింది ఆ కుర్రాళ్లు. ఒక మనిషిని వాళ్లకి ఇష్టం లేకుండా వీడియోలో పెట్టడం తప్పు, కావాలని తీసినా తెలియక తీసినా. మొదటిసారి నేరుగా చెప్పండి: "బాబూ, ఇందులో నేను పడ్డాను, తీసెయ్యి." చాలామంది కంగారుపడి మీ ముందే తీసేస్తారు. వినకపోతే యజమానికి చెప్పండి, వీలైతే ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని చెప్పండి. మా దగ్గర ఇలాంటి గొడవే వచ్చాక, వీడియో తీసుకునేవాళ్లు గోడ వైపు తిరిగే మూల ఒకటి కేటాయించాం. ఆ మూల దాటి ఫోను నిలబెడితే ఆ రోజుకి బయటికి పంపేస్తాం. ఎవరైనా కావాలని మిమ్మల్నే తీస్తున్నారని తేలితే అది జిమ్ము మర్యాదల సంగతి కాదు. 112కి ఫోన్ చేయండి, మహిళల కోసం 181 కూడా ఉంది.

డాక్టరు గారు చెప్పిన మాట చాలా విలువైనది. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుని వాడుకుంటుంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, అది కాక వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బరువులకి మీరు రోజూ వెళ్లనక్కరలేదు. ఉదయం పది దాటాక రెండు రోజులు వెళ్లండి, తక్కిన రోజుల్లో కాలువ గట్టున వేగంగా నడవండి.

ప్రశ్న: ఆరేళ్లుగా జిమ్ముకి వస్తున్నాను. జనవరి వస్తే నరకం. కొత్తవాళ్లు రాడ్డుకి ఎక్కించే బరువు ప్లేట్లు ఎక్కడివక్కడ వదిలేస్తారు, చెమట తుడవరు, ఫిబ్రవరికి కనపడరు. నెల రోజుల కోసం వచ్చేవాళ్లను చేర్చుకోవడం ఎందుకు?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీ ఫిర్యాదులో మొదటి సగం పూర్తిగా న్యాయం. కొత్తవాళ్లు ఇది చదువుతున్నారు కాబట్టి వాళ్లకే చెబుతాను.

పెద్ద రాడ్డు ఒక్కటే 20 కిలోలు ఉంటుంది. దానికి రెండు వైపులా ప్లేట్లు వదిలేసి వెళ్తే, తర్వాత వచ్చిన అమ్మాయో, అరవై ఏళ్ల పెద్దాయనో వాటిని దింపాలి. తెలియనివాళ్లు ఒక వైపువి మొత్తం తీసేస్తారు. అప్పుడు రాడ్డు రెండో వైపుకి తిరగబడుతుంది. పక్కనున్నవాళ్ల కాలు విరగడానికి అది చాలు. అందుకే ఎక్కించినవాళ్లే దింపాలి, అటొకటి ఇటొకటి దింపాలి. ఇక చెమట. మన డెల్టా గాలిలో తేమకి జనవరిలో కూడా చొక్కా తడిసిపోతుంది. తామర ఒకరి ఒంటి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడినా అంటుకుంటుంది. రెండు తువ్వాళ్లు తెచ్చుకోండి, ఒకటి ఒంటికి, ఒకటి బెంచీకి.

రెండో సగం మాత్రం నేను ఒప్పుకోనండి. దానికి కారణం చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక వ్యాయామశాలకి రోజూ వెళ్లేవాణ్ణి. ఒక జనవరిలో బాగా లావుగా ఉన్న కుర్రాడొకడు వచ్చాడు. బస్కీ తీస్తూ వెనక్కి కూలబడ్డాడు. మావాళ్లు నవ్వారు. వాడూ నవ్వి, లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ రాలేదు. నేను నవ్వలేదు, కానీ నోరూ మెదపలేదు. పిల్లలకి ఆటలు నేర్పడమే నా ఉద్యోగం. "గోడకి వీపు ఆనించి చెయ్యి తమ్ముడూ" అని ఒక్క మాట అంటే ఉండేవాడు. నలభై ఏళ్లయింది, జనవరిలో ఎవరైనా కొత్తవాళ్లు గుమ్మం దగ్గర తటపటాయిస్తుంటే నాకు వాడే గుర్తొస్తాడు.

ఫిబ్రవరికి కనపడనివాళ్లలో బద్ధకంతో మానినవాళ్లు ఉంటారు. మన చూపులకి మానినవాళ్లూ ఉంటారు. మీకు ఆరేళ్ల అనుభవం ఉంది. ప్లేట్లు ఎక్కడ పెట్టాలో మొదటి రోజే చూపించండి. కోప్పడకుండా, మీ ప్లేట్లు పెడుతూనే చూపించండి. ఒళ్లు ఎలా వంచాలో మాత్రం వాళ్లు అడిగితేనే చెప్పండి. రాడ్డు మెడ మీద పడేలా ఉంటే అడగకుండా పరుగెత్తండి.

ప్రశ్న: మొదటి రోజే 200 బస్కీలు తీశాను. మెట్లు దిగలేకపోతున్నాను. ఇది మామూలేనా?
– ఒక విద్యార్థి, నరసాపురం

జవాబు: నొప్పి మామూలే. అలవాటు లేని పని చేస్తే మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఎక్కువగా ఉండి తగ్గుతుంది. ఇంట్లో అటూ ఇటూ నడువు, నీళ్లు తాగు. కానీ మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, తొడలు బాగా వాచి గట్టిపడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం దెబ్బతిని అందులోని పదార్థం కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంది. తగ్గాక పదేసి చొప్పున రెండు మూడు సార్లతో మొదలుపెట్టు. ఎవరితోనూ పందెం వేసుకోకు.

ప్రశ్న: సంక్రాంతికి అత్తవారి ఊరు ఆచంట వెళ్లాలి. నాలుగు రోజులు జిమ్ము పోతుంది, అరిసెలు తప్పవు. చేసిందంతా వృథా అవుతుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కాదండి. నాలుగు రోజుల్లో బలం ఎక్కడికీ పోదు. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తే అప్పుడు తగ్గుదల తెలుస్తుంది. అత్తగారు పెట్టిన అరిసెను లెక్కలు వేసుకుంటూ తినకండి, ఆవిడ చిన్నబుచ్చుకుంటారు. సాయంత్రం బావమరుదులను తీసుకుని ఏటిగట్టు మీద ఒక గంట నడిచి రండి. కనుమ అయిన మర్నాడే వచ్చేయండి. ఊళ్లకి వెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రారు కాబట్టి జిమ్ములో రెండు బెంచీలూ ఖాళీగా ఉంటాయి.